మొట్టాం ఊరికి నైలాన్ దారం

ఆ రోజు ఉదయం ఆనందబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసుకు పోవాలి. మద్రాసు నుంచి వచ్చే కాగితాల కట్టను అందరి ముందూ విప్పాలి. ఆఫీసరు చేత, హెడ్‌గుమాస్తా చేత, కుదిరితే వరండాలో కూర్చున్న జనం చేత కూడా ఔరా అనిపించుకోవాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి చేపల పులుసుతో అన్నం తినాలి. సాయంత్రం భార్యను సైకిలు మీద ఎక్కించుకుని మైపాడు సముద్రానికి తీసుకుపోవాలి. వీటిలో అతనికి దక్కింది ఆఫీసుకు పోవడం ఒక్కటే.

"ఇస్త్రీ చొక్కా ఎందుకండీ? ఈరోజు ఆదివారం కాదు గదా" అంది ఎలిశబెతు.

"ఆదివారం దేవుడి పని. ఈరోజు కంప్యూటరు పని" అన్నాడు ఆనందబాబు, అద్దంలో తనను తాను మెచ్చుకుంటూ.

1967లో ఇందుకూరుపేట మొత్తం మీద కంప్యూటరును కళ్ళారా చూసినవాడు అతనొక్కడే. తీర మత్స్యాభివృద్ధి కార్యాలయంలో లెక్కల అసిస్టెంటు. డిగ్రీలో గణితం చదివాడన్న నేరానికి ఆఫీసువాళ్ళు అతన్ని మద్రాసు పంపి, ఒక ఇంజనీరింగు కాలేజీలో ఫోర్ట్రాన్ అనే యంత్రభాష నేర్పించారు. మొదటి రోజు క్లాసులో అందరి కాళ్ళకూ బూట్లు కనబడ్డాయి. తన కాళ్ళకు చెప్పులున్నాయి. రెండో రోజంతా మూర్ మార్కెట్టులో బూట్లు బేరమాడుతూ గడిపాడు. మూడో రోజు నుంచి టకటకలాడించుకుంటూ క్లాసుకు పోయాడు. రెండో రోజు ఏం చెప్పారని పక్కవాణ్ణి అడగబోయాడు గాని, బూట్లు వేసుకున్నవాడు అడిగితే బాగుండదని మానుకున్నాడు.

తిరిగొచ్చాక చర్చి యువజనుల కూటంలో గంటసేపు ఉపన్యసించాడు. "మనిషి పొరబడతాడు, యంత్రం పొరబడదు" అన్నాడు. పాస్టరు గారు కూడా తల ఊపారు.

అదే సమయానికి ప్రభుత్వం ఆ తీరంలోని జాలరి పాళేలకు మూడువందల కట్టల నైలాన్ దారం మంజూరు చేసింది. వానలకు నూలు వలలు కుళ్ళిపోయి, చాలా పడవలు ఒడ్డునే పడి ఉన్నాయి. ఏ పాళేనికి ఎన్ని పడవలుంటే ఆ లెక్కన దారం పంచాలి. నలుగురు పెద్దమనుషులు ఇసుకలో కూర్చుంటే ఒక పూటలో తేలే పని. కాని ఆఫీసరు విజయభాస్కర్ గారికి ఆ పద్ధతి నచ్చలేదు. ఆయన సొంతూరు బెజవాడ, ఇక్కడికి కొత్తగా వచ్చారు. పైవాళ్ళకు పంపే నివేదికలో 'కంప్యూటరు' అనే మాట ఒక్కసారైనా రావాలని ఆయన కోరిక.

అంచేత ఆనందబాబు ప్రోగ్రాము రాశాడు. ఆఫీసుల్లో తెలుగు వాడాలన్న మాట అప్పుడే గట్టిగా వినబడుతోంది. అతనూ మాతృభాషాభిమాని. అందుకని ప్రోగ్రాములో అంకెలకు పెట్టుకునే పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా పెట్టాడు. కట్ట, నావ, నిల్వ, మొత్తం. మొదట 'పడవ' అనుకున్నాడు గాని, మరీ మోటుగా ఉందని 'నావ'కు మార్చాడు. ఊరి నావల్ని మొత్తం నావలతో భాగించి నిల్వతో, అంటే ఉన్న మూడువందల కట్టలతో గుణిస్తే ఆ ఊరి కట్టలు వస్తాయి. చూడ్డానికి ముచ్చటైన లెక్క.

హెడ్‌గుమాస్తా సమాధానం గారు పాళేల పట్టిక టైపు చేసిచ్చారు. ఆయనదీ తెలుగే, టైపుమిషను మాత్రం ఇంగ్లీషుది. అట్టడుగున పడవల కూడిక వేసి, పక్కన ఇంగ్లీషు అక్షరాలతో 'మొత్తం' అని కొట్టారు. మద్రాసులో ఆ పట్టికను కార్డుల మీద కన్నాలుగా మార్చే అమ్మాయికి తెలుగు రాదు. ఎన్ని వరసలుంటే అన్ని కార్డులకు శ్రద్ధగా కన్నాలు వేసింది.

ఆనందబాబు ఆఫీసుకు చేరేటప్పటికే కాగితాల కట్ట వచ్చి ఉంది. విజయభాస్కర్ గారు దాన్ని విప్పేశారు కూడా. ఎదురుగా కుర్చీలో నెల్లూరు నుంచి వచ్చిన పత్రికా విలేఖరి ఉన్నాడు. గుమ్మంలో మాలకొండమ్మ నిలబడి ఉంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళన్నీ తిరిగే మనిషి. పాళేల తరఫున ఏ ఆఫీసుకు పోవాలన్నా మగవాళ్ళు ఆమెనే ముందు నడిపిస్తారు.

"రావయ్యా ఆనందబాబూ! నీ యంత్రం తేల్చిపారేసింది" అన్నారు ఆఫీసరు గారు. "కాని ఇదేమిటి? అన్ని పాళేలకూ సున్నాలే వచ్చాయి?"

ఆనందబాబు వంగి చూశాడు. పైనుంచి కిందదాకా సున్నా, సున్నా, సున్నా. చిట్టచివరి వరసలో మాత్రం ఎం, ఓ, టీ, టీ, ఏ, ఎం. దాని ఎదురుగా మూడువందలు.

"దారం మొత్తం ఈ ఒక్క ఊరికేనన్నమాట" అన్నారు విజయభాస్కర్ గారు, అక్షరాలు కూడబలుక్కుంటూ. "మొట్... మొట్టాం."

"మొట్టామా? అదెక్కడుంది సార్?" అని అడిగాడు విలేఖరి, కలం తీసి.

ఆనందబాబు "అది ఊరు కాదు సార్" అని చెప్పడానికి నోరు తెరిచాడు. కాని విజయభాస్కర్ గారు అంతకంటే తొందరపడ్డారు. అన్ని పాళేలూ స్వయంగా తిరిగి చూశానని పోయిన నెల డైరీ రాసి పైకి పంపిన మనిషి ఆయన. తెలియని పాళెం ఉందంటే ఎలా?

"మొట్టాం తెలీదా? పోయిన నెలే వెళ్ళొచ్చాను. దారి బొత్తిగా బాగాలేదు. పాపం చాలా వెనకబడ్డ ఊరు. ఏం సమాధానం గారూ, మొట్టాం ఫైలు మన దగ్గరే ఉంది కదూ?"

సమాధానం గారు ఏ ఫైలూ లేదని సర్వీసులో ఒక్కసారి కూడా చెప్పి ఎరగరు. "పైకి పోయుంది సార్. రావాల" అన్నారు, తల ఎత్తకుండా.

ఇక ఆనందబాబు తెరిచిన నోరు మూసుకోవలసి వచ్చింది. ఇప్పుడు మాట్లాడితే పత్రికవాడి ముందు ఆఫీసరు అబద్ధాలకోరవుతాడు. పైగా యంత్రం పొరబడదని ఊరంతా చాటింది తనే.

"ఏంది సారూ ఇది?" అని గుమ్మంలోంచి అరిచింది మాలకొండమ్మ. "వలలు కుళ్ళిపోయి పడవలన్నీ ఒడ్డునుండాయి. మాకందరికీ సున్నా జుట్టి, పేరు కూడా ఇననోళ్ళకి ఇస్తారా? ఎవురబ్బా ఈ మొట్టామోళ్ళు?"

"కంప్యూటరు లెక్కమ్మా. దానికి తన, పర అని ఉండవు" అన్నారు ఆఫీసరు గారు.

మాలకొండమ్మ ఆనందబాబు వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే నెల్లూరు గోడౌన్ నుంచి మూడువందల కట్టలతో లారీ బయల్దేరింది. డ్రైవరు గంగులయ్య తెలియదు అనడం నామోషీగా భావించేవాడు. తీరా దారి అడుగుదామంటే, ఆ తీరంలో తెలియదు అని చెప్పేవాడు ఒక్కడూ తగల్లేదు. బోగోలులో అడిగితే "మొట్టామా? దాటొచ్చేసినావే! దక్షిణానికి పో" అన్నారు. దక్షిణాన "సూళ్లూరుపేట కాడ అడుగు" అన్నారు. సూళ్లూరుపేటలో టీకొట్టు ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "అరవపేరు మాదిరుండాది, ఏరు దాటాలేమో" అన్నాడు. అక్కణ్ణించి గంగులయ్య ఆఫీసుకు ఫోను చేశాడు.

"సార్, మొట్టాంకి ఏరు దాటాలేమోనంట. డీజిలు అయిపోవచ్చింది."

"వెతకవయ్యా! అంత పెద్ద ఊరు కనబడకుండా పోతుందా?" అన్నారు విజయభాస్కర్ గారు.

ఊరు కనబడలేదు గాని, దాని పేరు మాత్రం గాలికంటే వేగంగా పాకింది. పత్రికలో 'కంప్యూటరు కనిపెట్టిన వెనకబడ్డ పల్లె' అని వార్త పడింది. మొట్టామోళ్ళు రాత్రిపూట వచ్చి మన రొయ్యలు పట్టుకుపోతున్నారని ఒక పాళెంలో చెప్పుకున్నారు. మొట్టాం పెద్దకు మంత్రి బంధుత్వముందని మరో పాళెంలో తేల్చారు. ఒకాయనైతే తన మేనత్తను మొట్టాం వాళ్ళకే ఇచ్చారనీ, పెళ్ళిలో భోజనాలు బాగాలేవనీ చెప్పాడు.

ఎలిశబెతు వీధిలో చేపలు కొనబోతే మాలకొండమ్మ గంప దించలేదు. "మీ ఆయన్ని మొట్టాం నించి తెప్పించుకోమనమ్మా" అని చెప్పి పోయింది.

ఎలిశబెతు లోపలికొచ్చి, భర్త ముందు వట్టి చింతపండు పులుసు పెట్టింది.

"చేపలేవీ?"

"అన్నీ మొట్టాంకి పోయినాయి. ఏమండీ, నిజం జెప్పండి. ఆ ఊరు ఉందా, లేదా?"

ఆనందబాబు ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగున మద్రాసులో ఇచ్చిన ఫోర్ట్రాన్ పాఠాల పుస్తకం ఉంది. రెండో పాఠం కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. కత్తితో వాటిని విడదీసి చదివాడు.

అక్కడ నాలుగు ముక్కల్లో రాసి ఉంది. ఇంగ్లీషులో 'ఐ' నుంచి 'ఎన్' దాకా ఉన్న అక్షరాలతో ఏ పేరు మొదలైతే, అది పూర్ణాంకమని యంత్రం అనుకుంటుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే చుక్క తర్వాత వచ్చేదంతా పారేస్తుంది. కట్ట 'కే'తో, నావ, నిల్వ 'ఎన్'తో, మొత్తం 'ఎం'తో. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఏ పాళెం పడవల్నైనా తీరమంతటి పడవలతో భాగిస్తే వచ్చేది ఒకటికన్నా తక్కువే. చుక్క తర్వాతది పారేస్తే సున్నా. ఆ సున్నాను మూడువందలతో గుణించినా సున్నాయే. మొత్తాన్ని మొత్తంతో భాగిస్తే మాత్రం నిండుగా ఒకటి. మోటుగానైనా సరే 'పడవ' అనే రాసి ఉంటే, రెండు రకాల అంకెల్ని కలిపావేమని యంత్రం అక్కడే మొండికేసి ఉండేది. సొగసు కోసం పెట్టిన నావే నిలువునా ముంచింది.

"ఏమైంది?" అంది ఎలిశబెతు, అతని ముఖం చూసి.

"యంత్రం తప్పు జెయ్యలేదు. దాని భాషలో నేనేం జెప్పినానో అదే చేసింది. నాకే దాని భాష సగం వచ్చు."

"సగం వచ్చినోళ్ళు సగమే మాట్లాడాల. మీరు చర్చిలో గంటసేపు మాట్లాడినారు" అంది ఎలిశబెతు. తర్వాత జాలిపడి, ఆ పులుసులోకి అప్పడం వేయించి పెట్టింది.

మర్నాడు ఆనందబాబు ఆఫీసరు గది తలుపు మూసి, జరిగిందంతా చెప్పాడు. విజయభాస్కర్ గారు బల్ల మీదున్న తంతి కాగితం అతని వైపు తోశారు. వార్త చూసి హైదరాబాదులో మత్స్యశాఖ డైరెక్టరు గారు ముచ్చటపడ్డారు. వచ్చే గురువారం మొట్టాం వచ్చి, స్వహస్తాలతో దారం పంచుతారు.

"ఊరు లేదు సార్" అన్నాడు ఆనందబాబు మళ్ళీ.

"కాగితం మీద ఉందయ్యా. పేపర్లో ఉంది. నా డైరీలో ఉంది. ఇన్నిచోట్ల ఉన్న ఊరు లేదని నువ్వొక్కడివి అంటే, ఉండకుండా పోయేది నువ్వే" అన్నారు ఆయన. తర్వాత గొంతు తగ్గించారు. "గురువారం జీపు దారిలో చెడిపోతుందిలే. డ్రైవరుతో మాట్లాడాను."

జీపు చెడిపోతే ఆఫీసరు గట్టెక్కుతారు. దారం మళ్ళీ గోడౌనులో పడుతుంది. పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆనందబాబుకు ఆ ఆలోచనతో కూర్చోబుద్ధి కాలేదు. సైకిలు తీసుకుని మాలకొండమ్మ పాళేనికి పోయాడు. ఆమె ఇంటి ముందు చిరిగిన నూలు వలను ఒళ్ళో వేసుకుని అల్లుతోంది. ఒకచోట ముడివేస్తే ఇంకోచోట పుటుక్కుమంటోంది. పాళెం పెద్ద కామాక్షయ్య పక్కనే చుట్ట కాలుస్తున్నాడు.

"అక్కా, మొట్టాం అనే ఊరు లేదు. అది 'మొత్తం'. అన్ని పాళేల కూడిక. నేను యంత్రానికి సరిగా చెప్పలా. తప్పు నాది."

మాలకొండమ్మ వల కింద పెట్టింది. అతను తిట్లకు సిద్ధపడ్డాడు. తిట్లు వచ్చాయి కూడా, బాగానే వచ్చాయి. అతని చదువునూ, బూట్లనూ, మద్రాసునూ, ఎవరినీ వదల్లేదు. ఊపిరి తిప్పుకోవడానికి ఆగినప్పుడు కామాక్షయ్య అందుకున్నాడు.

"ఉండు మే. అబ్బయా, కాయితంలో దారమంతా ఎవురికని రాసుండాది?"

"మొత్తానికి."

"మొత్తమంటే ఎవురు?"

"అందరూ. మీరంతా."

కామాక్షయ్య చుట్ట పక్కన పెట్టి మాలకొండమ్మ వైపు చూశాడు. ఆమె ముఖంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది.

"అయితే కాయితం తప్పేం గాదే" అంది ఆమె. "పెద్దసారు ఎప్పుడొస్తుండాడన్నావు?"

గురువారం ఉదయం డైరెక్టరు గారి కారు ముందు విజయభాస్కర్ గారి జీపు బయల్దేరింది. ఆనందబాబు దారి చూపడానికి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనకనుంచి ఆఫీసరు గారు డ్రైవరు భుజం మీద రెండుసార్లు గోకారు. జీపు చెడిపోలేదు. ముందు రాత్రి మాలకొండమ్మ డ్రైవరు ఇంటికి పోయి మాట్లాడి వచ్చిన సంగతి ఆయనకు తెలియదు.

మైపాడు దాటి, సరుగుడు తోపు మలుపు తిరగగానే ఆఫీసరు గారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎదురుగా రెండు కొయ్యలకు కట్టిన పడవ చెక్క మీద సున్నంతో 'మొట్టాం' అని రాసి ఉంది. నిన్నటిదాకా వట్టి ఇసుక ఉన్నచోట తాటాకు పందిళ్ళు, పొయ్యిలు, ఆరబెట్టిన చేపలు, అరుస్తున్న పిల్లలు. ఒడ్డు పొడవునా కన్ను ఆనినంత దూరం పడవలు. తీరంలో ఎన్ని పాళేలున్నాయో అన్నీ తెల్లవారేసరికి తెడ్లు వేసుకుంటూ వచ్చి అక్కడ చేరాయి. కబురందుకున్న గంగులయ్య లారీ కూడా తోపు నీడలో ఉంది. ఊరు దొరికినందుకు అందరికన్నా ఎక్కువ సంతోషించింది అతనే.

"ఇది ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?" అన్నారు విజయభాస్కర్ గారు గుసగుసగా.

"మీరు పోయిన నెలే చూసినారు గదా సార్" అన్నాడు ఆనందబాబు.

ఆఫీసరు గారు తేరుకుని, కారు దిగుతున్న డైరెక్టరు గారికి ఎదురెళ్ళారు. "నేను చూసినప్పటికన్నా కాస్త బాగుపడింది సార్" అన్నారు. అప్పటికి ఆయనకు నిజంగానే వచ్చి చూసినట్టు గుర్తొస్తోంది.

డైరెక్టరు గారు పెద్దమనిషి, మంచివాడు. ఆయన మాలకొండమ్మను పలకరించారు. "ఏమ్మా, మొట్టాం వాళ్ళందరూ వచ్చారా?"

"మొత్తం వచ్చినాం సారూ" అంది మాలకొండమ్మ.

"ఈ పడవలన్నీ?"

"మొత్తంవే సారూ."

ఆయన తన గుమాస్తా చేత పడవలు లెక్కపెట్టించారు. అంకె కాగితంలో ఉన్నదానికి అచ్చంగా సరిపోయింది. డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. "ఒక్క పడవ తేడా లేదు! ఇంత పెద్ద పల్లె ఇన్నాళ్ళూ మనకు తెలియనే లేదు. మద్రాసులో కూర్చున్న యంత్రం చెప్పింది!"

ఆనందబాబుకు ఇక ఆగబుద్ధి కాలేదు. ముందుకొచ్చి, "సార్, యంత్రం చెప్పలేదు. ఇది ఊరు కాదు. నాకు ఫోర్ట్రాన్ పూర్తిగా రాదు, అందువల్ల వచ్చిందిది" అన్నాడు.

డైరెక్టరు గారు అతని భుజం తట్టారు. "ఇంత సాధించి కూడా పూర్తిగా రాదంటున్నాడు చూశారా! నేర్చుకునేవాడి లక్షణం ఇదే" అని వెంట వచ్చిన పత్రికవాడికి చెప్పారు. అతను రాసుకున్నాడు.

డైరెక్టరు గారు మొదటి కట్ట మాలకొండమ్మ చేతిలో పెట్టి, ఫోటో దిగి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. కార్లు తోపు దాటగానే కామాక్షయ్య ఇసుకలో కూర్చుని ఒక్కో పాళేన్నీ పిలిచాడు. ఎన్ని పడవలకు ఎన్ని కట్టలో అక్కడికక్కడే తేల్చారు. ఒకటి రెండుచోట్ల గొడవపడ్డారు. మాలకొండమ్మ గొంతెత్తితే సర్దుకున్నారు. ఎండ చల్లబడేసరికి దారం పడవల్లోకి ఎక్కింది, పందిళ్ళు విప్పేశారు, పేరు రాసిన చెక్క తిరిగి ఎవరి పడవకో అతుక్కుంది. మొట్టాం ఉన్నచోట మళ్ళీ ఇసుక మిగిలింది. పోతూ పోతూ మాలకొండమ్మ ఆనందబాబు సైకిలు హ్యాండిలుకు ఒక పెద్ద వంజరం చేప తగిలించింది.

"మీ ఆవిడకియ్యి. ఆ పుస్తకం మాత్రం పూర్తిగా చదువబ్బయా. ప్రతిసారీ ఊరు కట్టాలంటే మావల్ల గాదు."

అతను చదివాడు. అట్టనుంచి అట్టదాకా, ఎలిశబెతు దీపం ఆర్పేయమని పోరుతున్నా చదివాడు. ప్రోగ్రాములో పేర్లన్నీ మార్చి, కూడిక వరసను పట్టికలోంచి తీసేసి, సరిచేసిన లెక్కను ఆఫీసరు గారికిచ్చాడు. ఆయన దాన్ని చూడలేదు. అప్పటికే హైదరాబాదు నుంచి ఉత్తర్వులు వచ్చి ఉన్నాయి.

ఆనందబాబును పైచదువు కోర్సుకు మళ్ళీ మద్రాసు పంపుతున్నారు. తీరంలోకెల్లా పెద్ద పాళెం కాబట్టి మొట్టాంకు ఒక బడి, ఒక మంచినీళ్ళ బావి, తారు రోడ్డు మంజూరయ్యాయి. ఆ పనులన్నీ దగ్గరుండి చూడడానికి, ఊరిని మొదటిసారి స్వయంగా సందర్శించిన అధికారి గనక, విజయభాస్కర్ గారిని ప్రత్యేకాధికారిగా వేశారు. పనులు పూర్తయ్యేదాకా ఆయన మొట్టాంలోనే కాపురముండాలి.

"సార్, ఇప్పుడన్నా నిజం రాసేద్దామా?" అని అడిగాడు ఆనందబాబు.

విజయభాస్కర్ గారు సమాధానం గారిని పిలిచి, సామాను కట్టించమన్నారు.

సోమవారం ఆయన మొట్టాంలో చార్జి తీసుకున్నట్టు హైదరాబాదుకు తంతి వెళ్ళింది, దాని మీద ముద్ర మాత్రం బెజవాడది.